లూసీ ఇంటి గోడల రంగు

‘ఐ లవ్ లూసీ’లో లూసీ, రికీ కాపురమున్న అపార్ట్‌మెంట్ గోడల రంగేమిటి? దీనికి కచ్చితమైన జవాబే ఉంది: బూడిద రంగు. నలుపు తెలుపులో తీశారు కాబట్టి అలా కనపడిందని కాదు, ఆ గోడలకి నిజంగానే బూడిద రంగు వేయించారు. 1951లో ఆ షో మొదలైనప్పుడు కెమెరా బాధ్యత కార్ల్ ఫ్రాయిండ్‌ది. జర్మనీలో ‘మెట్రోపొలిస్’కీ, హాలీవుడ్‌లో ‘డ్రాక్యులా’కీ కెమెరా పట్టినవాడు, ‘ది గుడ్ ఎర్త్’కి ఆస్కార్ తెచ్చుకున్నవాడు. అంతటివాడు టీవీ కామెడీకి వచ్చేసరికి ఎదురైన చిక్కు ఇది: మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటాయి, ఎదురుగా ప్రేక్షకులు కూర్చుని నవ్వుతుంటారు, షాటు షాటుకీ లైట్లు మార్చుకునే వీల్లేదు. అందుకని వెలుగునీడల పనిలో కొంత భాగం లైట్ల నుంచి తీసి పెయింటు డబ్బాకి అప్పజెప్పాడు. గోడలూ సామానూ లెక్క చూసుకున్న బూడిద ఛాయల్లో ఉంటే, ఇంట్లో జనం చూసే ఆ చిన్న తెర మీద ఏది ఎంత తెల్లగా, ఎంత నల్లగా పడుతుందో ముందే తెలిసిపోతుంది.

2013 డిసెంబరులో సీబీఎస్ ఛానెల్ ఈ షో ఎపిసోడ్లు రెండింటికి రంగులద్ది ప్రసారం చేసింది. జనం చూశారు. తర్వాత అది క్రిస్మస్ సీజన్లో మామూలు తంతు అయిపోయింది. 2016లో ‘ది డిక్ వాన్ డైక్ షో’ నుంచి రెండు ఎపిసోడ్లు రంగుల్లో వచ్చాయి. ‘బివిచ్డ్’, ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’ల నలుపు తెలుపు సీజన్లు అంతకు చాలా ముందే రంగుల డీవీడీలుగా వచ్చేశాయి. 2023లో బీబీసీ ‘డాక్టర్ హూ’ని అందుకుంది.

వీటిలో చాలావాటిని నేను చూశాను. కొన్ని నచ్చాయి కూడా. రంగులద్దడం అపచారం అని రాయడానికి కూర్చోలేదు. నా పేచీ వేరే. ‘రంగు తేవడం’ అన్న ఒక్క మాట కింద పొంతన లేని రెండు పనులు జరుగుతున్నాయి. పోయిన రంగుని వెతికి తేవడం ఒకటి, అసలు లేని రంగుని కల్పించడం ఇంకొకటి. మొదటిదానికి సాక్ష్యం కావాలి. రెండోదానికి అభిరుచి ఉంటే చాలు. తెర మీదకి వచ్చేసరికి రెండూ అన్నదమ్ముల్లా ఒకే పోలికతో ఉంటాయి. అందులోనే ఉంది తంటా.

లూసీ గోడల సంగతే చూడండి. రంగులద్దేవాడు దేనికి విశ్వాసంగా ఉండాలి? సెట్‌కి విశ్వాసంగా ఉంటే గోడలు బూడిదగా వదిలేయాలి. కథకి విశ్వాసంగా ఉంటే, న్యూయార్క్‌లో ఓ నైట్‌క్లబ్ పాటగాడి ఇంట్లో 1951లో ఏ రంగు గోడలుంటాయో అది వేయాలి. ఫ్రాయిండ్ చిత్రానికే విశ్వాసంగా ఉంటే అసలు ముట్టుకోకూడదు. మూడూ న్యాయమే, మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ ఇంకా తమాషా. ఆ దయ్యాల కొంప లాంటి ఇంటి హాలు సెట్‌ని కలర్ ఫోటోలో చూస్తే గులాబీ రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కెమెరాలో సరైన ఛాయ పడితే చాలు, ఎదురుగా ఏ రంగుంటే ఎవరిక్కావాలి? ఇప్పుడు దానికి ‘అసలు రంగులు’ వేస్తే గుండెలదిరే బంగళా కాస్తా బార్బీ బొమ్మరిల్లు అయి కూర్చుంటుంది.

మన పౌరాణికాల్లో ఈ ప్రశ్న ఇంకాస్త ముదురుతుంది. నలుపు తెలుపు సినిమాలో కృష్ణుడి ఒంటికి ఏ రంగు వేయాలి? ఆ రోజు మేకప్‌మాన్ పూసిన రంగా? పద్యాల్లో చెప్పిన నీలమేఘ ఛాయా? మన గోడ మీది కేలండర్ రంగా? నలుపు తెలుపు ఈ ప్రశ్న వేయదు. ఒక మెత్తటి బూడిద ఛాయ చూపించి మిగతాది మీకే వదిలేస్తుంది. చూసేవాడు ఎవరి కృష్ణుణ్ణి వాడు చూసుకుంటాడు. రంగు వేసిన మరుక్షణం ఆ అవకాశం మూతపడుతుంది.

వృత్తిరీత్యా నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి కాబట్టి ఇదే సంగతిని లెక్కలో చెప్పకుండా ఉండలేను. టీవీవాళ్ళ పాత సూత్రం ప్రకారం ఒక రంగు ఎంత వెలుగుగా కనపడుతుందో చెప్పాలంటే అందులోని ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం తీసుకుని కూడాలి. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో నిఖార్సయిన ఎరుపు, అంటే 255, బూడిదగా మారితే దాదాపు 76 అవుతుంది. 130 కొలత ఉన్న ముదురాకుపచ్చ కూడా దాదాపు 76 అవుతుంది. కుంకుమ బొట్టూ అరిటాకూ ఒకే ఛాయలోకి వెళ్ళి కూర్చుంటాయి. సినిమా ఫిల్ముకి ఈ లెక్క కొద్దిగా మారుతుంది గానీ స్వభావం అదే. మూడు అంకెలు ఒక అంకెగా మారాయి. ఆ ఒక్క అంకె నుంచి మళ్ళీ మూడింటినీ రాబట్టడం ఎంత పెద్ద కంప్యూటర్‌కైనా సాధ్యం కాదు. సాధ్యమయ్యేది ఊహ మాత్రమే. పూర్వం ఆ ఊహ మనుషులు చేసేవారు, ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ మోడళ్ళు చేస్తున్నాయి.

ఈ మోడళ్ళ ఊహ ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే రాబోయే రోజుల్లో పాత షోలన్నిటి మీదా పడబోయేది ఇదే. లక్షల కలర్ ఫోటోలు తీసుకుంటారు, వాటిని బూడిదగా మార్చి, పోయిన రంగులు చెప్పమని మోడల్‌ని అడుగుతారు. తప్పు చెప్పిన ప్రతిసారీ సరిచేస్తారు. మామూలు పద్ధతిలో తప్పుని కొలిస్తే మోడల్ మహా తెలివిగా అన్నిటికీ మట్టిరంగు వేయడం నేర్చుకుంటుంది. కారు ఎర్రగా ఉండొచ్చు, నీలంగా ఉండొచ్చు, పచ్చగా ఉండొచ్చు. ఏది చెప్పినా తప్పయ్యే ప్రమాదం ఉన్నప్పుడు అన్నిటికీ మధ్యనున్న నీరసమైన రంగు చెబితే నష్టం తక్కువ. ఇంటర్వ్యూలో జవాబు తెలియనివాడు ‘అది పరిస్థితిని బట్టి ఉంటుందండీ’ అన్నట్టు. 2016లో రిచర్డ్ జాంగ్, ఫిలిప్ ఐసోలా, అలెక్సీ ఎఫ్రోస్ ఒక పేపర్లో ఈ జబ్బుకి మందు చెప్పారు. సగటు రంగు అడగడం మానేసి, ఉన్న రంగుల్లోంచి ఒకదాన్ని ఎంచుకోమని మోడల్‌ని అడిగారు, అరుదుగా కనపడే గాఢమైన రంగులకి కొంచెం ఎక్కువ విలువ కట్టారు. బొమ్మలు కళకళలాడాయి. అయితే కళకళలాడటం వేరు, నిజం కావడం వేరు.

ఒక శనివారం మా పెద్దమ్మ కూతురి పెళ్ళి ఫోటోలు పాతిక తీసుకుని, బూడిదగా మార్చి, ఉచితంగా దొరికే ఒక మోడల్‌కి ఇచ్చి చూశాను. ఇందులో సుఖమేమిటంటే సరైన జవాబు నా దగ్గరే ఉంది. ఆకాశం నీలంగా వచ్చింది, మామిడి తోరణం పచ్చగా వచ్చింది, మనుషుల ఒంటి రంగు ఒకటి రెండు ఛాయలు తేలి వచ్చింది. పసుపు పట్టుచీర, ఎర్రంచు? చీర గోధుమ రంగులోకి దిగింది, అంచు నీలంగా మారింది. పెళ్ళికూతురి నుదుటి మీద బొట్టు నల్లబడింది. గుమ్మానికి రాసిన పసుపు, చెక్క రంగులో కలిసిపోయింది. అంటే ఎక్కడైనా ఒకేలా ఉండేవన్నీ సరిగ్గా వచ్చాయి, మా ఇంటివి అనదగ్గవన్నీ పోయాయి. ఫోటో చూడ్డానికి మాత్రం చక్కగా, నమ్మబుద్ధేసేలా ఉంది. ఆ పెళ్ళికి రానివాళ్ళకి చూపిస్తే ఒక్కరూ అనుమానపడరు. పాతిక ఫోటోలతో సిద్ధాంతాలు చేయకూడదు, ఒప్పుకుంటాను. కానీ మన పాత సినిమాల మీద, మన తాతల ఫోటోల మీద ఇలాంటి ప్రోగ్రాములు నడిపి ‘అప్పట్లో ఇలా ఉండేది’ అని పంచుకోవడం చూసినప్పుడల్లా నాకు ఆ నల్లబడిన బొట్టు గుర్తొస్తుంది.

మళ్ళీ లూసీ దగ్గరికి వద్దాం. మనిషి చేత్తో, జాగ్రత్తగా, డబ్బు ఖర్చుపెట్టి చేసిన రంగులు ఏం చేస్తాయో అక్కడే బాగా తెలుస్తుంది. 2013లో రంగులద్దిన ఎపిసోడ్లలో ఒకటి ‘లూసీస్ ఇటాలియన్ మూవీ’, 1956 నాటిది. ఇటలీ దర్శకుడొకడు తనకి వేషం ఇస్తాడన్న ఆశతో లూసీ ద్రాక్షతోటకి వెళ్ళి, తొట్టిలోకి దిగి, కాళ్ళతో ద్రాక్షపళ్ళు తొక్కుతుంది, పక్కావిడతో జుట్టూ జుట్టూ పట్టుకుంటుంది, చివరికి ఒళ్ళంతా ద్రాక్షరసం మరకలతో తిరిగొస్తుంది. ఆ మరకల వల్లే వేషం స్నేహితురాలు ఎథెల్‌కి పోతుంది. ఇక్కడ కథ మలుపు తిరిగేదే రంగు మీద. నలుపు తెలుపులో మనం ఆ మరకల్ని మాటల ద్వారా అర్థం చేసుకోవాలి. రంగుల్లో కంటికే కనపడుతుంది. జోకు ఒక అరక్షణం ముందుగా పేలుతుంది. పైగా లూసీ జుట్టు గురించి ఆ షోలో ఎన్ని హాస్యాలున్నా, ఆ రంగేసిన ఎర్రజుట్టుని ఆనాటి టీవీ ప్రేక్షకులు చూసింది లేదు. ఇక్కడ రంగు కథకి ఉపకారమే చేసింది.

‘జాబ్ స్విచింగ్’కి వస్తే మాత్రం నేను ఎదురు తిరుగుతాను. 1952 నాటి ఎపిసోడ్, ఆ షో గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా ఎక్కడో ఓ ముక్క చూసే ఉంటారు. చాక్లెట్ ఫ్యాక్టరీలో కదిలే బెల్టు ముందు లూసీ, ఎథెల్ నిలబడి ఒక్కో చాక్లెట్టుకీ కాగితం చుట్టాలి. బెల్టు వేగం పెరుగుతుంది, చాక్లెట్లు నోట్లోకి, టోపీలోకి, జాకెట్టులోకి పోతాయి. ఈ సీన్ మొత్తం నల్లటి ముక్కలకీ లేత రంగు దుస్తులకీ మధ్య జరిగే పరుగుపందెం. మన కన్ను ఆ నల్లచుక్కల వెంట పరిగెత్తాలి. ఎన్ని దాటిపోయాయి, ఎన్ని టోపీలోకి వెళ్ళాయి, ఇంకెన్ని వస్తున్నాయి. నలుపు తెలుపు ఈ పనికే పుట్టినట్టుంటుంది. రంగులు రాగానే తెరలో అన్నిటికన్నా గట్టిగా పిలిచేవి లూసీ జుట్టూ పెదాలూ అవుతాయి. చాక్లెట్టు అప్పుడూ చాక్లెట్టు రంగే, దానికి కొత్తగా వచ్చిన లాభమేమీ లేదు. చూపు బెల్టు మీంచి లేచి మొహాల మీదకి వెళ్తుంది. నవ్వు వస్తుంది, కాదనను. కానీ బెల్టు మీద గెలుపోటముల ఉత్కంఠ సగానికి సగం పోతుంది. ఒకే షో, ఒకే తరహా పనితనం, ఒకచోట మేలు, ఒకచోట కీడు. రంగులద్దడం మంచిదా చెడ్డదా అని టోకున అడగడం ఎందుకు దండగో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ పని ఎందుకు చేస్తారన్నది పెద్ద రహస్యం కాదు. అమెరికాలో మూడు పెద్ద ఛానెళ్ళ సాయంత్రపు కార్యక్రమాలు 1966 శరత్కాలానికల్లా పూర్తిగా రంగుల్లోకి మారాయి. అప్పటిదాకా వచ్చినవన్నీ ఒక్కసారిగా ‘పాతవి’ అయిపోయాయి, పునఃప్రసారాల అంగట్లో వాటి ధర పడిపోయింది. రంగు వేస్తే మళ్ళీ అమ్ముడుపోతాయి. అంతే. 1980ల్లో టెడ్ టర్నర్ ఎంజీఎం సినిమాల భాండాగారం కొని వాటికి రంగులు వేయించడం మొదలుపెట్టినప్పుడు హాలీవుడ్ దర్శకులు భగ్గుమన్నారు, గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్ళింది, 1988లో సినిమా పరిరక్షణ చట్టం వచ్చింది. జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ రంగుల ప్రతిని ఫ్రాన్స్‌లో ప్రసారం చేయబోతే ఆయన వారసులు కోర్టుకెళ్ళి, 1991లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో గెలిచారు. మన దగ్గర అలాంటి కేసు నిలబడటమే కష్టం. ‘మాయాబజార్’ విడుదలైన 1957లోనే మన కాపీరైట్ చట్టమూ వచ్చింది. దాని ప్రకారం సినిమాకి కర్త అంటే నిర్మాత. దర్శకుడు కాదు, కెమెరామాన్ అసలే కాదు. రచన వికృతం కాకుండా కర్తకి రక్షణ ఇచ్చే సెక్షన్ ఒకటుంది గానీ, ఆ కర్తే నిర్మాత అయినప్పుడు కె. వి. రెడ్డి తరఫున అడిగేదెవరు, మార్కస్ బార్ట్లీ తరఫున అడిగేదెవరు?

డబ్బు ఒక్కటే కారణమనీ అనలేం. ‘మొఘల్-ఎ-ఆజం’ 1960లో ఎక్కువ భాగం నలుపు తెలుపులో, శీష్‌మహల్ పాటా చివరి రీళ్ళూ రంగుల్లో వచ్చింది. మధ్యలో రంగు అందుబాటులోకి రాగానే మొత్తం మళ్ళీ రంగుల్లో తీస్తానని కె. ఆసిఫ్ పట్టుబట్టాడు, డబ్బు పెట్టినవాళ్ళు ఆగలేకపోయారు. 2004లో దానికి పూర్తిగా రంగులు వేస్తే ఆయన ఆశ తీరిందని అనుకోవచ్చు. ‘ది డిక్ వాన్ డైక్ షో’ ఎపిసోడ్లని రంగుల కోసం ఎంచి ఇచ్చింది దాని సృష్టికర్త కార్ల్ రైనరే. సృష్టించినవాడే చేయిపట్టుకుని తీసుకెళ్తున్నప్పుడు మనం మధ్యలో పడి అపచారం అనడం బాగుండదు.

‘మాయాబజార్’ సంగతి అలా కాదు. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దానికి రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. నేను థియేటర్లో చూశాను. ‘వివాహ భోజనంబు’ దగ్గర హాలంతా చప్పట్లు. ఘటోత్కచుడి ముందు లడ్డూల గుట్టలు పచ్చగా మెరుస్తుంటే నాకూ నోరూరింది. గోఖలే, కళాధర్ వేసిన సెట్ల వైభవం రంగుల్లో ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. అక్కడిదాకా పేచీ లేదు. వెన్నెల్లో పడవ పాట వచ్చింది. అరవై ఏళ్ళుగా తెలుగువాళ్ళు బార్ట్లీ వెన్నెల అని చెప్పుకునేది అదే. నలుపు తెలుపులో ఆ వెన్నెల ఒక రంగు కాదు, నీటి మీదా మొహాల మీదా ఎక్కడ ఎంత వెలుగు ఆగాలో చెప్పే కొలత. రంగుల్లోకి వచ్చేసరికి రాత్రికి ఏదో ఒక రంగు వేయక తప్పదు, వేస్తే నీలం తప్ప ఇంకో దారి లేదు. నీలం వేయగానే వెన్నెల వెలుగుగా ఉండటం మానేసి పూతగా మారింది. చేసినవాళ్ళ పనితనంలో లోపమని నేననుకోను. అది రంగుకే చేతకాని పని.

ఇక్కడో మాట చెప్పకపోతే నేను మరీ మడి కట్టుకున్నవాడిలా కనపడతాను. మా తరం తొలి సినిమాలు చూసింది నలుపు తెలుపు టీవీల్లో. మా అమ్మమ్మగారింట్లో ఈసీ టీవీ ఉండేది, హైదరాబాదులో ఈసీఐఎల్ చేసినది, చెక్కపెట్టె, ముందు జరిపే తలుపులు. ‘శంకరాభరణం’ నేను మొదట బూడిద రంగులోనే చూశాను. విశ్వనాథ్‌గారి ఉద్దేశానికి భంగం కలిగిందని ఇంట్లో ఒక్కరూ బాధపడలేదు. పైగా మా పక్కింటివాళ్ళు తెర ముందు ఒక ప్లాస్టిక్ షీటు తగిలించారు: పైన నీలం, మధ్యలో నారింజ, కింద ఆకుపచ్చ. ఆకాశం, మొహాలు, గడ్డి అన్నమాట. బయట సీన్లలో ఫరవాలేదు. క్లోజప్ వచ్చిందంటే హీరోయిన్‌కి నీలం జుట్టు, నారింజ ముక్కు, ఆకుపచ్చ గడ్డం. అయినా ఆదివారం సాయంత్రం మేమంతా వాళ్ళింట్లోనే ఉండేవాళ్ళం. రంగు మీద మోజు మనిషికి సహజం, దాన్ని చిన్నచూపు చూడ్డం నా ఉద్దేశం కాదు. ఆ షీటులో ఒక గుణం ఉండేది. అది షీటని అందరికీ తెలుసు. నచ్చకపోతే పీకేయొచ్చు, వెనకాల అసలు బొమ్మ అలాగే ఉంటుంది.

టర్నర్ రోజుల్లోనూ కొందరు ఇదే వాదన చేశారు. రంగు ఇష్టం లేకపోతే టీవీలో కలర్ మీట సున్నాకి తిప్పుకోండి, నలుపు తెలుపు వచ్చేస్తుంది అని. రాదు. రంగులద్దేటప్పుడు కింద ఉన్న వెలుగునీడల్ని కూడా సవరిస్తారు. గాఢమైన నలుపులో రంగు కనపడదు కాబట్టి నీడల్ని తేలిక చేస్తారు. చాలాసార్లు అంతటితోనూ ఆగరు. రంగు ఒంటరిగా రాదని నాకు కొన్నాళ్ళుగా గట్టిగా అనిపిస్తోంది. ‘మాయాబజార్’ రంగులతోపాటు నిడివి తగ్గింది, శబ్దం మారింది. 2023 నవంబరు 23న బీబీసీ ప్రసారం చేసిన ‘ది డాలెక్స్ ఇన్ కలర్’ అయితే మరీ. 1963-64లో వారానికొకటిగా వచ్చిన ఏడు భాగాలు, ఒక్కొక్కటీ ఇరవై అయిదు నిమిషాలు. వాటిని 75 నిమిషాలకి కుదించారు, కొత్త సంగీతం కట్టారు. రంగులు ముచ్చటగానే ఉన్నాయి. డాలెక్ బొమ్మలు అసలు ఏ రంగువో అప్పటి ఫోటోలున్నాయి, కాబట్టి చాలాచోట్ల ఊహకి ఆధారం కూడా ఉంది. నన్ను ఇబ్బంది పెట్టింది కత్తెర. తెలియని గ్రహం మీద ఖాళీ నగరంలో మనుషులు నెమ్మదిగా నడుస్తూ భయపడటమే ఆ మొదటి భాగాల రుచి. కొత్త ప్రతిలో నడిచే తీరిక లేదు. చూడబోతే రంగూ కత్తెరా ఒకే నమ్మకం నుంచి పుడుతున్నాయి: ఇవాళ్టి ప్రేక్షకుడికి ఓపిక లేదు అన్న నమ్మకం. ఆ మాట ప్రేక్షకుణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు. ‘ది ఆండీ గ్రిఫిత్ షో’కి మొదటి అయిదు సీజన్లు నలుపు తెలుపు, చివరి మూడూ రంగులు. ఇవాళ్టికీ అభిమానులు తల మీద పెట్టుకునేది ఆ మొదటి అయిదింటినే. డాన్ నాట్స్ ఉన్నది వాటిలో కాబట్టి. రంగు లేదని ఆయన్ని వదులుకున్నవాళ్ళు తక్కువ.

అదే ‘డాక్టర్ హూ’ దగ్గర రెండో కథ ఉంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

1970ల మొదట్లో ఆ షో రంగుల్లోనే తీశారు, రంగుల్లోనే ప్రసారం చేశారు. అయితే వీడియో టేపు ఖరీదైన సరుకు. బీబీసీ వాటిని చెరిపేసి మళ్ళీ వాడుకునేది. విదేశాలకి అమ్మడం కోసం మాత్రం, టీవీ తెరని ఫిల్మ్ కెమెరాతో తీసిన 16 ఎం.ఎం. నలుపు తెలుపు ప్రతులు ఉండేవి. అలా కొన్ని ఎపిసోడ్లకి రంగుల టేపు పోయి, బూడిద రంగు ఫిల్మ్ ఒక్కటే మిగిలింది. మూడు అంకెలు ఒకటయ్యాయి, ఇక తిరిగి రావు అని అందరూ అనుకున్నారు.

రంగు టీవీ వచ్చినప్పుడు నలుపు తెలుపు టీవీలున్న జనాన్ని వదులుకోకుండా ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. వెలుగు సమాచారాన్ని యథాతథంగా ఉంచి, దాని మీద 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి అల ఒకటి ఎక్కించి అందులో రంగుని పంపారు. రంగు టీవీ ఆ అలని విప్పుకుంటుంది. నలుపు తెలుపు తెర మీద అది అతి సన్నటి చుక్కల వరసలా కనిపిస్తుంది, దగ్గరికెళ్ళి చూస్తే తప్ప తెలియదు. ఫిల్మ్ ప్రతి తీసేటప్పుడు ఆ చుక్కలు పడకుండా ఒక ఫిల్టర్ పెట్టాలి. చాలాసార్లు పెట్టలేదు. ఫలితంగా రంగు పోయిన బూడిద ఫిల్మ్ మీద, మురికిలా, రంగు తాలూకు సమాచారమంతా చుక్కల రూపంలో అచ్చయిపోయి ఉంది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఎవరూ దాన్ని చదవలేదు. జేమ్స్ ఇన్‌సెల్ అనే బీబీసీ ఉద్యోగి చదవొచ్చు అన్నాడు, రిచర్డ్ రసెల్ అనే ఇంజనీరు అందుకు ప్రోగ్రాం రాశాడు. ఫిల్మ్‌ని చాలా సూక్ష్మంగా స్కాన్ చేసి, తెర వంపు వల్ల, ఫిల్మ్ సాగడం వల్ల చెదిరిన చుక్కల్ని మళ్ళీ వరసలో పెట్టి, రంగు విప్పారు. 2008 డిసెంబరులో, 1969 నాటి ‘డాడ్స్ ఆర్మీ’ ఎపిసోడ్ ‘రూమ్ ఎట్ ది బాటమ్’ తన సొంత రంగుల్లో బీబీసీలో వచ్చింది. ఎవరో ఊహించిన రంగులు కావవి, ఆ రోజు కెమెరా ముందున్న రంగులు. కొద్దిగా వెలిసి, అంచుల దగ్గర కొద్దిగా ఒలికి ఉన్నాయి. ఆ ఒలుకులు నాకు ముద్దొచ్చాయి.

వృత్తిలో మేం రోజూ వాడే మాట ‘నాయిస్’. పనికిరానిది, తీసిపారేయాల్సినది. ఒకరి నాయిస్ ఇంకొకరి సమాచారం కావచ్చని చదువుకునే రోజుల్లో మాకూ చెప్పారు, పరీక్షలో రాశాం, మర్చిపోయాం. ఈ చుక్కల కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి నేను గీసిన గీత, వెతికి తేవడానికీ కల్పించడానికీ మధ్య గీసినది, గట్టిగా నిలబడుతుందా? అసలు పనిలోకి దిగితే అది కాస్త చెదురుతుంది. ‘ప్లానెట్ ఆఫ్ ది డాలెక్స్’ మూడో భాగంలో చుక్కల్లోంచి తీసిన రంగునీ, చేత్తో అద్దిన రంగునీ కలిపి వాడారు. ఆ ప్రతిలో ఏ చీర, ఏ చెట్టు సాక్ష్యం వైపు, ఏది ఊహ వైపు అని తెర చూసి చెప్పలేం. చెప్పేలా చేయడం పెద్ద కష్టం కాదు. మా పనిలో ప్రతి మార్పుకీ ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో చేశారో ఒక చిట్టా ఉంటుంది. రంగులద్దిన ప్రతి ప్రతికీ అలాంటి చిట్టా ఒకటి జత చేసి, రంగుని వేరే పొరగా ఉంచి, అడుగున అసలు ప్రతిని ముట్టుకోకుండా ఇవ్వొచ్చు. 1950ల టీవీ ఇంజనీర్లు రంగుని పంపింది సరిగ్గా అలాగే గదా, వెలుగు మీద విడిగా ఎక్కించిన అలగా. ఒకే డీవీడీ పెట్టెలోనైనా, ఒకే యాప్‌లోనైనా రెండు ప్రతులూ పక్కపక్కన ఉంటే నాలాంటివాడికి పేచీ సగం తీరిపోతుంది. ‘బివిచ్డ్’ డీవీడీలు రెండు రకాలుగానూ అమ్మారు. చేయలేని పని కాదు.

చివరగా నేను చూసింది ‘ది మైండ్ ఆఫ్ ఈవిల్’, 1971లో వచ్చిన ఆరు భాగాల కథ. నలుపు తెలుపు ఫిల్మ్ తప్ప ఇంకేమీ మిగల్లేదు. రెండో భాగం నుంచి ఆరో భాగం దాకా చుక్కలున్నాయి, వాటిలోంచే రంగు వచ్చింది. మొదటి భాగంలో పనికొచ్చేటన్ని చుక్కలు లేవు. దానికి స్టువర్ట్ హంఫ్రీస్ అనే కళాకారుడు మిగతా భాగాల రంగులు చూసుకుంటూ, ఫ్రేములకి ఫ్రేములు చేత్తో రంగులద్దాడు. 2013లో డీవీడీ వచ్చింది. మొదటి భాగం అయ్యాక ఆపకుండా రెండోది పెట్టాను. మొదటిది తేటగా, పొందిగ్గా ఉంది. రెండోదాంట్లో రంగు అక్కడక్కడా వణుకుతుంది. ఫిల్టర్ పెట్టి చుక్కలు తీసేయడం ఆ రోజుల్లో సరైన పద్ధతి. ఆ పని చేయడం మర్చిపోయిన ఉద్యోగులెవరో, వాళ్ళ పుణ్యాన బీబీసీ అరల్లోని చాలా ఎపిసోడ్లలో ఆనాటి రంగులు భద్రంగా దాగి ఉన్నాయి.